పద్నాలుగో ప్రశ్న

ఆగస్టు 7, సోమవారం

థీసిస్‌కి విషయం ఖాయమైంది. పట్టణంలో పెద్దవాళ్ళ నిద్ర, రక్తపోటు: ఇంటింటి సర్వే. నేను అడిగింది కలరా. కలరాలో ఒక హుందాతనం ఉంది. "ఇప్పుడిక్కడ కలరా లేదమ్మా, నిద్ర ఉంది" అన్నారు మా గైడ్.

ఆవిడ లేనప్పుడు మేమంతా ఆవిడని ఆధారం మేడం అంటాం. ఎవరు ఏం చెప్పినా "ఆధారం ఏది?" అంటారు. బయట వర్షం పడుతోందన్నా అదే ప్రశ్న. మొన్న ఒకడు తడిసిన గొడుగు తెచ్చి చూపించాడు. "ఇది గొడుగు తడిసిందనడానికి ఆధారం. వర్షానికి కాదు" అన్నారు.

ఎపిడెమియాలజీ పీజీలో చేరినప్పుడు మహమ్మారుల వెంట పరిగెడతాననుకున్నాను. మీకు రాత్రి నిద్ర పట్టిందా అని గుమ్మం గుమ్మం ఎక్కి అడుగుతానని అనుకోలేదు.

ఆగస్టు 10, గురువారం

అసలు సర్వేకి ముందు ప్రశ్నావళిని కొందరి మీద ప్రయోగించి చూడాలట. క్యాంటీన్ నడిపే దంపతుల దగ్గరికి వెళ్ళాను. పదమూడు ప్రశ్నలు సాఫీగా సాగాయి. పద్నాలుగోది: మీరు గురక పెడతారా?

"అబ్బే" అన్నాడు క్యాంటీనాయన.

వెనకాల టీ వడపోస్తున్న ఆయన భార్య గిన్నె కింద పెట్టింది. "ఈయన పెట్టడమ్మా. ఈయన పడుకున్నాక ఎవరో పెడతారు. ఆ ఎవరో ఎవరన్నది నాకింకా దొరకలేదు" అంది.

లైబ్రేరియన్ పెట్టడట. వాచ్‌మన్ పెట్టడట. అడిగినవాళ్ళలో ఒక్కరూ పెట్టరు. దేశమంతా పసిపాపల్లా నిద్రపోతోంది.

ఫలితాలు చూసి మేడం నవ్వలేదు. "మనిషి తన గురక తాను వినలేడు. విననిదాని గురించి అడిగితే వచ్చేది జవాబు కాదు, అభిప్రాయం. పక్కన పడుకునేవాళ్ళని విడిగా అడగండి" అన్నారు.

"ఒంటరిగా పడుకునేవాళ్ళ సంగతి మేడం?" అన్నాడు దశాంశం. వీడు నా క్లాస్‌మేట్. టీ ఎంత చల్లారిందో కూడా పాయింటు తర్వాత రెండంకెలతో చెబుతాడు.

"ఫోన్‌లో రికార్డు చేసుకోమను."

నేను గురక పెట్టను. ఎవరూ అడగలేదు గానీ, రాసి ఉంచుకోవడం మంచిది.

ఆగస్టు 11, శుక్రవారం

రాత్రి ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాను, పద్ధతి పనిచేస్తుందో లేదో చూడటానికి. వీధిలో లారీ ఒకటి ఇంజను ఆపకుండా చాలాసేపు నిలబడింది. రికార్డింగ్ చెడిపోయింది. తుడిచేశాను.

ఆగస్టు 12, శనివారం

మళ్ళీ లారీ.

ఆగస్టు 16, బుధవారం

బస్ డిపో వెనక కాలనీలో ఇళ్ళన్నిటికీ నంబర్లు వేసి, కంప్యూటరుతో చీటీలు తీయించినట్టు ఇళ్ళు ఎంపిక చేశాం. ఎవరి ఇష్టాయిష్టాలూ ఇందులో ఉండవు, అదే దీని గొప్ప అని మేడం గంటసేపు చెప్పారు. నేను శ్రద్ధగా తలాడించాను. తర్వాత నా వంతు ఇళ్ళ చిరునామాలు చూసుకున్నాను.

మూడో అంతస్తు, ఎడమవైపు ఇల్లు. అక్కది.

అంత పెద్ద కాలనీలో కంప్యూటరుకి మా అక్క ఇల్లే దొరికింది. నాకు యంత్రాల మీద నమ్మకం పోయింది.

అక్కతో మాట్లాడి ఏడాది దాటింది. తప్పు పూర్తిగా తనదే. నేను చేసుకుందామనుకున్న మనిషి వాళ్ళమ్మ ఓసారి భోజనాల దగ్గర, "మీ చెల్లెలికి ఆరోగ్యం అదీ బాగానే ఉంటుందిగా?" అని మామూలుగా అడిగింది. "భేషుగ్గా ఉంటుందండీ. గురక ఒక్కటే. గోడ అవతల ఉన్నా ఎవరో అలమర జరుపుతున్నట్టుంటుంది" అని అక్క నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు. తర్వాత అతను ఫోన్ ఎత్తడం తగ్గించాడు. తర్వాత మానేశాడు.

మేడం దగ్గరికి వెళ్ళి ఆ ఇల్లు మార్చమన్నాను.

"ఎందుకు?"

"మూడో అంతస్తు మేడం. లిఫ్టు లేదు."

"నీ వయసెంత?"

"కుక్క కూడా ఉందంటున్నారు."

"ఆధారం ఏది?"

అసలు కారణం చెప్పలేదు. అది శాస్త్రీయంగా లేదు.

"ఇల్లు మార్చడం ఉండదు. తాళం వేసి ఉంటే మళ్ళీ వెళ్ళు. వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్ళినా దొరక్కపోతేనే దొరకలేదని రాయి" అన్నారు.

మూడుసార్లు తాళం ఉంటే చాలన్నమాట. ఇది పద్ధతే కదా. పద్ధతి ప్రకారం పోతాను.

ఆగస్టు 18, శుక్రవారం

అక్క కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వస్తుంది. అందుకని పదకొండింటికి వెళ్ళాను. తాళం. ఎంత అందమైన తాళమో. మొదటిసారి: ఎవరూ లేరు అని గుండ్రటి అక్షరాలతో రాశాను.

కింద అంతస్తు ముసలాయన నన్ను కూర్చోబెట్టి, తను ఒక్క క్షణం కూడా నిద్రపోడని చెప్పాడు. చెబుతూ చెబుతూ నిద్రపోయాడు. ఆరో ప్రశ్న దగ్గర ఆగి, లేచేదాకా కూర్చున్నాను.

ఆగస్టు 22, మంగళవారం

రెండోసారి సాయంత్రం వెళ్ళక తప్పలేదు. వేర్వేరు వేళలు అన్నారు కదా. బెల్లు ఒక్కసారి, చిటికెనవేలితో నొక్కాను. లోపల ఇల్లాలు నడుం వాల్చి ఉండొచ్చు, గట్టిగా నొక్కడం మర్యాద కాదు.

ఎవరూ రాలేదు. సంతోషంగా వెనక్కి తిరిగాను. మెట్లు దిగుతూ ఎందుకో తలెత్తి చూస్తే, కిటికీ కర్టెన్ మూల పైకి లేచి ఉంది. నేను చూడగానే పడిపోయింది.

అంటే ఇంట్లో ఉంది. ఉండి తీయలేదు.

నన్ను చూసి తలుపు తీయదా? ఏడాదిగా మాట్లాడంది నేను. కోపం నాది. తప్పించుకునే హక్కు నాకుంది, తనకెక్కడిది?

ఆగస్టు 23, బుధవారం

ఈరోజు క్లాసు: జవాబివ్వనివాళ్ళు. మేడం బోర్డు మీద ఏమీ రాయలేదు. "నీకు తలుపు తీసిన ఇంటిని బట్టి తీయని ఇంటిని ఊహించకు. తీయకపోవడానికి ఒక కారణం ఉంటుంది. చాలాసార్లు నువ్వు వెతికే జబ్బే ఆ కారణం. తలుపు తీసినవాళ్ళనే లెక్కేస్తే ఊళ్ళో అందరూ ఆరోగ్యంగా ఉన్నట్టే కనిపిస్తారు" అన్నారు.

మా అక్క తలుపు తీయకపోవడానికి కారణం జబ్బు కాదు, పొగరు. దానికి ఈ పాఠంలో చోటు లేదు.

ఆదివారం వెళ్తాను. బెల్లు బొటనవేలితో నొక్కుతాను.

ఆగస్టు 27, ఆదివారం

మధ్యాహ్నం రెండున్నర. బొటనవేలు తీయలేదు. తలుపు తెరుచుకుంది.

"ఎవరు కావాలండీ?" అంది అక్క.

చిన్నప్పటి నుంచి ఒకే దుప్పటి కోసం కొట్టుకున్న మనిషి నన్ను అండీ అంది. నేనేం తక్కువ తినలేదు. మెడలో కార్డు పైకెత్తి చూపించాను. "నమస్కారమండీ. యూనివర్సిటీ తరఫున నిద్ర మీద సర్వే చేస్తున్నాం. మీ ఇంటిని కంప్యూటరు ఎంపిక చేసిందండీ."

"కంప్యూటరుకి సిగ్గు లేదా?"

"దానికి ఇష్టాయిష్టాలు ఉండవండీ."

సమ్మతి పత్రం చదివి వినిపించాను. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయవచ్చు, ఏ ప్రశ్ననైనా వదిలేయవచ్చు, మీరు చెప్పింది బయటికి పోదు.

"మిమ్మల్ని లోపలికి రానివ్వకపోయినా ఫరవాలేదా?"

"ఫరవాలేదండీ."

నన్ను కిందికీ మీదికీ చూసింది. "చిక్కిపోయారు. మంచినీళ్ళు తాగుతారా?" అంది.

లోపల అంతా అలాగే ఉంది. సోఫా మీద నా పాత దిండు కూడా. పడకగది తలుపు దగ్గరగా వేసి ఉంది. బావ సిటీ బస్సు నడుపుతాడు, తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళి మధ్యాహ్నం వచ్చి పడుకుంటాడు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?"

"ఇద్దరం. ఇదివరకు ఆదివారాలు ఇంకొకతి వచ్చి తిని పడుకునేది. దాన్ని కూడా లెక్కలో వేస్తారా?"

"ఈ ఆర్నెల్లుగా ఉంటున్నవాళ్ళనే వేస్తామండీ."

"అయితే వద్దులెండి."

పదమూడు ప్రశ్నలూ అలాగే గడిచాయి. పద్నాలుగోది వచ్చింది. గొంతు సవరించుకున్నాను. "మీరు గురక పెడతారా?"

"నేను పెట్టను. మా వంశంలో పెట్టేది ఒక్కతే."

"ఆధారం ఏదండీ?"

"ఆదివారాలు."

రాసుకోలేదు. దానికి గడి లేదు. "పక్కన పడుకునేవారి గురించి. మీవారు గురక పెడతారా?"

 అక్క తన చీరకొంగు వైపు చూస్తూ, "పెట్టరు" అంది.

అప్పుడే లోపలి గదిలోంచి మొదలైంది. బరువైన మంచాన్ని ఎవరో నేల మీద ఈడుస్తున్నట్టు. నాకు నవ్వొచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసుకుంటే ఏడాది కోపం అక్కడికక్కడ తేలిపోయేదే. అంతలో అది ఆగిపోయింది.

పూర్తిగా ఆగిపోయింది. అక్క నీళ్ళ గ్లాసు అందిస్తున్న చెయ్యి గాలిలో నిలబెట్టి తలుపు వైపే చూస్తోంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. నేనూ ఊపిరి పీల్చడం మర్చిపోయాను. తర్వాత, నీళ్ళ అడుగు నుంచి ఎవరో పైకి తేలినట్టు పెద్ద ఎగశ్వాస. మళ్ళీ మంచం ఈడ్చిన చప్పుడు.

అక్క గ్లాసు కింద పెట్టింది. "తర్వాతి ప్రశ్న అడగండి" అంది.

కనిపించిందల్లా లెక్కపెట్టే మనిషిని నేను. అదెంతసేపు ఆగిందో లెక్కపెట్టలేదు.

"ఎన్నాళ్ళ నుంచే ఇలా?" అన్నాను. అండీ ఎటు పోయిందో తెలియదు.

"గురక మొదటి నుంచీ ఉంది. ఈ ఆగడం ఈ ఏడాదే. ఊపిరి మళ్ళీ వస్తుందా రాదా అని చూస్తూ పడుకుంటాను. పోయిన నెల సిగ్నల్ దగ్గర బస్సు ఆపి, ఆకుపచ్చ లైటు వచ్చినా కదల్లేదట. వెనకవాళ్ళు హారన్లు మోగిస్తే తేరుకున్నాడు. ఏదో ఆలోచనలో పడ్డానన్నాడు."

"డాక్టరుకి చూపించలేదా?"

"డాక్టరు కాగితం రాస్తాడు. కాగితం డిపోకి పోతుంది. స్టీరింగ్ దగ్గర్నుంచి లేపేస్తే మీ బావ ఏమైపోతాడు? పక్కింటావిడ చెప్పింది, సర్వేవాళ్ళు గురక గురించి అడుగుతున్నారని. అందుకే మొన్న తలుపు తీయలేదు. నువ్వని కాదు."

"నేనని కాదా?"

"నువ్వని కూడా. కానీ ముందు అది."

సిగ్గు లేకుండా రాసుకుంటున్నాను: ఆ క్షణంలో నాకు కొంచెం అవమానంగా అనిపించింది.

ఆగస్టు 28, సోమవారం

మేడం గదికి వెళ్ళాను. "మేడం, ఒక ఇంట్లో, అనుకుందాం, బస్సు నడిపే మనిషికి నిద్రలో ఊపిరి ఆగుతోంది. ఇంట్లోవాళ్ళు ఎవరికీ చెప్పొద్దంటున్నారు. మనం బయటికి పోదని మాటిచ్చాం. కానీ బస్సు నిండా జనం ఉంటారు. అప్పుడేం చేయాలి?"

"ఏ ఇంట్లో?"

"అనుకుందాం అన్నాను కదండీ."

"మూడో అంతస్తా? కుక్క ఉన్న ఇల్లా?"

అన్నీ చెప్పేశాను. అక్క, తాళం, చిటికెనవేలు, అన్నీ. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ వాళ్ళ ఇల్లని మొదటి రోజే చెబితే ఇంకొకరిని పంపేదాన్ని. ఇప్పుడు నువ్వు రాసుకొచ్చింది నాకు పనికిరాదు. నీ క్లాస్‌మేట్ కుర్రాడు మళ్ళీ వెళ్ళి అడుగుతాడు. అది తర్వాత. ముందు ఇది చెప్పు. ఆ మనిషికి చెప్పారా?"

"డిపోకా మేడం?"

"ఆ మనిషికమ్మా. నిద్రపోయే మనిషికి."

  అక్క నాకు చెప్పింది. నేను మేడంకి చెప్పాను. బావకి ఎవరూ చెప్పలేదు.

"తనకి తానుగా ఎలాగూ తెలియదు కదా" అన్నారు మేడం. "ముందు అతనికి చెప్పు. వింటే అతనే చేయాల్సింది చేస్తాడు. అప్పటికీ బస్సు ఎక్కుతానంటే నా దగ్గరికి రా, నేనొచ్చి మాట్లాడతాను. ఈ వారం దాటకూడదు."

మొదటి రోజే చెప్పి ఉంటే దశాంశం వెళ్ళేవాడు. అక్క వాడికి తలుపు తీసేది కాదు. వాడు మూడుసార్లు తాళమని రాసేవాడు, బహుశా పాయింటు తర్వాత రెండంకెలతో. ఇలా అనుకుంటే నా తప్పు కొంచెం చిన్నదిగా కనిపిస్తుంది. మేడంకి చెప్పలేదు.

ఆగస్టు 29, మంగళవారం

అక్కకి ఫోన్ చేసి మేడం మాట చెప్పాను.  "నువ్వు చెప్పు. నా వల్ల కాదు" అంది. రేపు బావ పడుకున్నప్పుడు రికార్డు చేసి ఉంచుతానంది.

ఆగస్టు 30, బుధవారం

బావ నిద్ర లేచి, నన్ను హాల్లో చూసి మురిసిపోయాడు. "అమ్మాయ్, ఎన్నాళ్ళకొచ్చావ్. మీ ఇద్దరి మధ్యా నేను నలిగిపోయాననుకో" అన్నాడు. ముందు రక్తపోటు చూశాను. నూట డెబ్బై ఎనిమిది. అది ఎంత ఎక్కువో తనకి తెలియదు, "పాసేనా?" అన్నాడు.

"బావా, నువ్వు గురక పెడతావు."

"నేనా? మీ అక్క పెడుతుంది."

అక్క ఫోన్ ముందు పెట్టింది. బావ తల ఒక పక్కకి వంచి విన్నాడు. "ఇది లారీ కదా" అన్నాడు.

నేను నేల చూపులు చూశాను.

"రోడ్డు మీద లారీ. ఇంజను బాగుచేయించుకోవాలి వీడు" అని నవ్వుతున్నాడు. అంతలో చప్పుడు ఆగింది. బావ ఎదురుచూశాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాడు. "ఆగిపోయిందే?"

"ఫోన్ ఆగలేదు బావా. నువ్వే ఆగిపోయావు."

చివరికి ఎగశ్వాస వచ్చింది. వచ్చాక బావ ఫోన్‌ని మెల్లగా, పగిలే వస్తువులా, బల్ల మీద పెట్టాడు. అక్క వైపు తిరిగాడు. "ఇది వింటూ పడుకుంటున్నావా రోజూ?"

"రాకపోతే లేపుదామని" అంది అక్క.

బావ లేచి మొహం కడుక్కొచ్చాడు. తువ్వాలు మొహం మీద నుంచి తీయకుండా చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చొక్కా వేసుకున్నాడు. "పొద్దున స్కూలు పిల్లలు ఎక్కుతారు నా బస్సు. ఆ సిగ్నల్ రోజు కూడా ఉన్నారు" అన్నాడు. ఎవరినీ రమ్మనకుండా డిపోకి నడుచుకుంటూ వెళ్ళాడు.

సెప్టెంబరు 8, శుక్రవారం

నిద్ర పరీక్ష చేసే ఆస్పత్రిలో బావని లోపలికి పంపి, అక్కా నేనూ బయట బెంచీ మీద కూర్చున్నాం. మొన్న రాత్రి చేసిన పరీక్షలో తేలింది, నిద్రలో ఊపిరి ఆగే జబ్బేనని. వైద్యం కుదిరేదాకా స్టీరింగ్ వద్దన్నారు. డిపోలో బస్ పాసుల కౌంటరులో కూర్చోబెట్టారు.

"నువ్వు ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను. ఏడాదిగా దాచుకున్న మాట.

"నవ్వుకోడానికన్నాను. నవ్వాల్సిన చోట వాళ్ళు నవ్వలేదు. నాకు పదకొండేళ్ళుగా మీ బావ గురక వినిపిస్తోంది, నేను పారిపోయానా? ఆ మాటకే పారిపోయినవాడు రేపు నీకు జ్వరమొస్తే ఉంటాడా?"

 ఆ మనిషి ముఖం గుర్తు తెచ్చుకోబోయాను. చొక్కా మాత్రమే గుర్తొచ్చింది. మంచి చొక్కా.

సెప్టెంబరు 19, మంగళవారం

బావకి నిద్రలో గాలి పంపే మెషీనూ, దాని మాస్కూ వచ్చాయి. మాస్కు పెట్టుకుంటే విమానం నడుపుతున్నట్టుందట, బస్సు తీసేసుకున్నా ఫరవాలేదట. పగలంతా కౌంటరులో మాత్రం మొహం మాడ్చుకుని కూర్చుంటున్నాడని అక్క చెప్పింది. పాసు మీద ఫొటో సరిగ్గా లేదని ఒక పెద్దమనిషిని మూడుసార్లు తిప్పాడట.

మధ్యలో అక్కకి నా మీద మళ్ళీ కోపం వచ్చింది. "నీ సర్వే రాకముందు బానే ఉన్నాం" అంది. లేమని తనకీ తెలుసు. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు తనే చేసి, ఇంట్లో మరీ నిశ్శబ్దంగా ఉంది, నిద్ర పట్టడం లేదు, వచ్చి పడుకో అంది.

వెళ్ళాను. పాత దిండు మీద పడుకున్నాను. పొద్దున అక్క కళ్ళు తేటగా ఉన్నాయి. హాయిగా నిద్ర పట్టిందట. ఎందుకు పట్టిందో నేను అడగలేదు.

అక్టోబరు 5, గురువారం

దశాంశం ఆ ఇంటికి వెళ్ళొచ్చాడు. ఈసారి అక్క అన్నిటికీ నిజమే చెప్పిందట. "చాలా సహకరించారు. గురక పెట్టే బంధువుల గురించి అడగకపోయినా చెప్పారు. దానికి గడి లేదు, అందుకని మార్జిన్‌లో రాసుకొచ్చాను" అన్నాడు.

ఆ కాగితం నాకు చూపించమన్నాను. గోప్యత అన్నాడు.

నవంబరు 14, మంగళవారం

లెక్కలు పూర్తయ్యాయి. రెండోసారి, మూడోసారి వెళ్తే దొరికిన ఇళ్ళని విడదీసి చూశాం. మొదటిసారే తలుపు తీసినవాళ్ళకంటే వాళ్ళలో రక్తపోటు బాగా ఎక్కువ. మేడం ఆ పట్టికని చాలాసేపు చూశారు. నేను ఎదురుచూసిన ప్రశ్న రాలేదు. "బాగుంది" అన్నారు. రెండేళ్ళలో ఆ మాట వినడం ఇదే మొదలు. బయటికొచ్చి దశాంశానికి చెబితే, "ఆధారం ఏది?" అన్నాడు.

డిసెంబరు 4, సోమవారం

డాక్టర్లు సరేనన్నారు. రక్తపోటు దిగింది. ఈరోజు నుంచి బావకి బస్సు తిరిగిచ్చారు.

పొద్దున మొదటి ట్రిప్పుకి స్టాపు దగ్గరికి వెళ్ళేసరికి అక్క అప్పటికే నిలబడి ఉంది. నాకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. బస్సు వచ్చి ఆగింది. మమ్మల్ని చూసి బావ భుజాలు దించేశాడు. "ఇద్దరూ ఎటు?"

"పనుంది" అంది అక్క.

"ఏం పని?"

"నువ్వు బస్సు నడుపు బావా" అన్నాను.

తన వెనక సీట్లోనే కూర్చున్నాం, అద్దంలో కళ్ళు కనిపించేలా. మొదటి సిగ్నల్ దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుంది. పచ్చలైటు పడగానే బస్సు కదిలింది. రెండో సిగ్నల్ దగ్గర కూడా. స్కూలు పిల్లలు ఎక్కారు, అరిచారు, దిగారు. ఎండ కిటికీలోంచి ఒళ్ళోకి వచ్చింది. తెల్లవారుజామున లేచి ఉన్నాం ఇద్దరం. అక్క తల నా భుజం మీదికి ఎప్పుడు వాలిందో, నాది తన తల మీదికి ఎప్పుడు వాలిందో తెలియదు.

"చివరి స్టాపు. దిగండి" అన్న గొంతు విని కళ్ళు తెరిచాను. బావ ఇంజను ఆపి, సీటు మీదుగా వెనక్కి తిరిగి మమ్మల్ని చూస్తున్నాడు. కండక్టరు కూడా వెనక సీట్లో కునుకు తీస్తున్నాడు. బస్సు మొత్తం మీద మెలకువగా ఉన్నది బావ ఒక్కడే.